అద్దం మీద అద్దంతోనే బొమ్మ

రాజంపేటలో రోడ్డు పక్కన ఆగి ఉన్న ఏదైనా కొత్త కారు ముందు అద్దాన్ని దగ్గరగా చూడండి. అంచు వెంట నల్లటి పట్టీ, దాని పక్కన లోపలికి వచ్చేకొద్దీ చిన్నవయ్యే చుక్కలు కనిపిస్తాయి. అద్దాన్ని బాడీకి పట్టి ఉంచే జిగురు ఎండకు చెడిపోకుండా కాచేది ఆ పట్టీయే. మన సీమ ఎండలకు కారు రంగు వెలిసినా అది వెలవదు. అదీ గాజే మరి.

దీన్నే ఎనామెల్ అంటారు. మెత్తగా నూరిన గాజు పొడిలో తొందరగా కరగడానికి సీసం ఆక్సైడో, వెలిగారమో ఉంటుంది. నీలానికి కోబాల్ట్, ఆకుపచ్చకు రాగి, గోధుమరంగుకు ఇనుము కలుపుతారు. గులాబీ రంగు కావాలంటే బంగారమే కావాలి! ఆ పొడిని జిగురు నీళ్లలోనో, నూనెలోనో కలిపి కుంచెతో వేసి, ఆరాక కొలిమిలో కాలుస్తారు.

చిక్కంతా అక్కడే. ఎనామెల్ దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి అడుగున ఉన్న గాజు పలకకు అతుక్కోవాలి. 700 దాటితే పలకే మెత్తబడి వంగిపోతుంది. ఆ కాస్త సందులోనే చిత్రకారుడు పని కానిచ్చుకోవాలి. చల్లారేటప్పుడు పలక, ఎనామెల్ ఒకే తీరులో కుంచించుకోవాలి. లేదంటే బొమ్మ పెచ్చులూడుతుంది. చల్లార్చడంలో తొందరపడితే పలకే పగులుతుంది. కుంచె పట్టడం కన్నా కొలిమి ముందు ఓపిక పట్టడమే పెద్ద విద్య అంటాను నేను. ఫ్యాన్సీ షాపుల్లో దొరికే గ్లాస్ పెయింట్లకు ఈ తంటా లేదు, ఈ ఆయుష్షూ లేదు.

ఈ విద్య వయసు 3,400 ఏళ్ల పైమాటే. ఈజిప్టు ఫారో మూడవ థుట్మోస్ పేరున్న చిన్న నీలి గాజు కూజా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని మీది పసుపు, తెలుపు బొమ్మలు గాజు పొడితో కాల్చినవే. 14వ శతాబ్దానికి సిరియా, ఈజిప్టుల్లో మసీదు దీపాలకు ఎనామెల్‌తో అక్షరాలు దిద్దారు. తర్వాత వెనిస్ దీన్ని వ్యాపారం చేసింది. 20వ శతాబ్దంలో కూల్‌డ్రింక్ సీసాల మీది పేర్లకూ ఇదే పద్ధతి వాడారు.

గాజు పరిశ్రమతో రాజంపేట సీమకూ చుట్టరికం ఉంది. దగ్గర్లోని మంగంపేట గనుల ముగ్గురాయిలో ఉండేది బేరియం. అది ఎక్కువగా చమురు బావుల తవ్వకానికి పోతుంది గానీ, గాజుకు మెరుపు తెచ్చే సరుకుల్లో బేరియం కూడా ఒకటి.

తెలుగు నేల మీద కాల్చిన గాజు చిత్రాలు చూడాలంటే మెదక్ చర్చికి వెళ్లాలి. కరువు రోజుల్లో జనానికి పని కల్పిస్తూ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన ఆ చర్చి 1924లో ప్రారంభమైంది. ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు కిటికీలు 1927, 1947, 1958లో అమరాయి. ఇలాంటి కిటికీల్లో దుస్తుల రంగు చాలావరకు గాజులోనే ఉంటుంది. ముఖాల గీతలు, బట్టల మడతలు మాత్రం ముదురు రంగుతో గీసి కాల్చినవి. వెలుతురు బయటినుంచి రావాలి కాబట్టి పొద్దుగూకితే లోపల ఏమీ కనబడదు. వెళ్లేవాళ్లు పగటిపూటే వెళ్లండి.