వేసవి పరిశోధనకు దరఖాస్తు

పరీక్షలు ముగిసి, కళాశాల ప్రయోగశాలలకు తాళములు పడి, హాస్టళ్ళు ఖాళీయగు గ్రీష్మావకాశమున, ఏదేని విశ్వవిద్యాలయమందో జాతీయ పరిశోధనాలయమందో ఒక శాస్త్రజ్ఞుని చెంత రెండు మాసములు గడపి, అంతవరకు పాఠ్యపుస్తకమున సిద్ధాంతరూపమున చదివిన శాస్త్రము ఇంకను సందేహరూపమున నున్నచోట ఎట్లుండునో కన్నులార చూచు అవకాశము నేడు మన డిగ్రీ విద్యార్థులకు కలదు. దీనినే సమ్మర్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ అని వ్యవహరించుచున్నారు. అమెరికాలో ఎం.ఐ.టి. 1969లో డిగ్రీ విద్యార్థులను పరిశోధనలో భాగస్వాములను చేయుట నొక వ్యవస్థగా నెలకొల్పినది. 1979లో కాల్‌టెక్ వేసవి సెలవులకే ప్రత్యేకించి అట్టి పథకమును ప్రారంభించినది.

మన దేశమున ఈ విషయమై ముందుగా చెప్పుకొనవలసినది మూడు విజ్ఞాన అకాడమీల ఉమ్మడి ఫెలోషిప్. బెంగుళూరులో 1934లో సి.వి. రామన్ స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ, ప్రయాగలోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ కలసి దీనిని నడుపుచున్నవి. ఎంపికైనవారు దేశమందలి ఏదేనొక పరిశోధనాలయమున ఒక మార్గదర్శకుని కడ రెండు మాసములు పనిచేసి, తుదకు నివేదిక సమర్పింపవలెను. వారికి భృతి లభించును. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, బెంగుళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రము, కొన్ని ఐఐటీలు తమతమ పథకములను వేరుగా ప్రకటించును. అయితే పని వేసవిలోనిదే గాని, దరఖాస్తు చాలవరకు శీతకాలమునాటిది. అకాడమీల పిలుపు దసరా, దీపావళుల ప్రాంతమున వెలువడును. జిల్లా కళాశాలలలోని పిల్లల చెవిని ఆ మాట మార్చి నెలలో పడుట, అప్పటికి గడువు దాటిపోవుట ఏటేట జరుగుచున్నది. ప్రతిభ లేక పోగొట్టుకొన్నదానికంటె, కబురందక పోగొట్టుకొన్నది నాకు ఎక్కువ బాధ కలిగించును.

అట్టి అవకాశము సకాలమున అందినచో ఏమగునో చూడుడు. నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారు డిగ్రీ ముగించి, రామన్ ఫలితము లోకమునకు వెల్లడియైన ఆ 1928వ సంవత్సరముననే కలకత్తా చేరి రామన్ వద్ద పరిశోధకులైరి. అప్పటికి వారికి ఇరువదియేండ్లు నిండలేదు. ఆయన తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతియై, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరైరి. ఆ వయసున గొప్ప ప్రయోగశాల గాలి సోకుట ఎంతటిదో తెలియుటకు ఇంతకంటె దూరము పోనక్కరలేదు.

ఇక దరఖాస్తు మాట. మార్కుల పట్టికలు అందరికిని ఉండును; వానినిబట్టి కొంత వడపోత జరుగుటయు నిజమే. కాని విద్యార్థి తన చేతితో తీర్చిదిద్దుకొనగల భాగము ఒకటే: తాను ఏమి చేయదలచినదో తెలుపు ఆ చిన్న వ్యాసము. అందులో పదింట తొమ్మిదిమంది "బాల్యమునుండియు నాకు రసాయనశాస్త్రమన్న మక్కువ, తమ సుప్రసిద్ధ సంస్థలో పనిచేయుట నా చిరకాల స్వప్నము" అని వ్రాయుదురు. అది అబద్ధము కాకపోవచ్చును, కాని చదువువారికి ఆ విద్యార్థిని గూర్చి దానివలన ఏమియు తెలియదు.

నల్లగొండ ప్రాంతపు విద్యార్థిని యొకతె ఇట్లు వ్రాసినదనుకొందము. "మా ఊరి బావి నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. పటిక, సున్నము కలిపి దానిని అడుగునకు దింపు పద్ధతికి మా జిల్లా పేరే పెట్టినారు. కళాశాల ల్యాబులో నేను ఈడీటీఏ టైట్రేషన్‌తో నీటి కాఠిన్యమును కొలిచితిని గాని ఫ్లోరైడును కొలుచు ఎలక్ట్రోడును చూడలేదు. పటిక వేసిన నీటిలో అల్యూమినియము ఎంత మిగులును, నీటి ఆమ్లత్వము మారినచో అది ఎట్లు మారును అన్నది నేర్చుకొనవలెనని నా కోరిక." ఇందు ఆడంబరము లేదు. ఎరిగినది ఏది, ఎరుగనిది ఏది, రెండు మాసములలో సాధ్యమగునది ఏది అన్న వివేకము ఉన్నది. మార్గదర్శకుడు వెదకునది ఆ వివేకమునే. ఆంగ్లము ధారాళముగా రాదని తెలుగు మాధ్యమపు పిల్లలు వెనుదీయనక్కరలేదు. పై మాటలు ఏ భాషలో వ్రాసినను చిన్న వాక్యములే.

ఇట్లు వ్రాయుటకు పూర్వరంగము కొంత కావలెను. ఎవరి కడ పనిచేయగోరుచున్నారో ఆ ఆచార్యుని ఇటీవలి పరిశోధనాపత్రమొకటి తీసికొని, తెలియని పదముల క్రింద గీతలు పెట్టుకొని, అధ్యాపకుని అడిగి, కనీసము ఆ ప్రశ్న ఏమిటో, దానిని ఎట్లు కొలిచినారో గ్రహింపవలెను. పథకములతో సంబంధము లేకుండ నేరుగా ఆచార్యునికి ఈమెయిల్ వ్రాయువారికిని ఇదే మార్గము. పేరు మాత్రము మార్చి ఏబదిమందికి పంపిన లేఖ మొదటి పంక్తిలోనే పట్టుబడును. యంత్రముచే వ్రాయించిన వ్యాసమును ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలు బయటపెట్టును. జవాబు రాకున్నచో రెండు వారములు ఆగి, మర్యాదగా ఒకసారి గుర్తుచేయవచ్చును. ఆపైన మరియొకరికి వ్రాయుటయే మేలు.

సిఫారసు లేఖ విషయమున మాత్రము విద్యార్థి కంటె అధ్యాపకులకే నేను విన్నవించుకొనవలసినది కలదు. అయ్యా, అమ్మా, "ఈ విద్యార్థి సత్ప్రవర్తన గలవాడు, శ్రద్ధాళువు" అను అచ్చు కాగితముపై సంతకము చేసి ఇయ్యకుడు. ఆ పిల్లవాడు ఒకనాడు ల్యాబులో తప్పు వచ్చిన కొలతను దాచక మరల తీసియుండును. ఆ పిల్ల తరగతిలో మీరును తడుముకొన్న ప్రశ్న నడిగియుండును. అది వ్రాయుడు. గడువు కంటె వారము ముందుగా పంపుడు. సెప్టెంబరులోనే ప్రకటనల తేదీలను నోటీసు బోర్డుకు అంటించుడు.