ఇరుసులు రెండు, దారి ఒకటే

అమెరికా, కెనడా పొలాల వీడియోలు చూసేవాళ్లకు ఒక రకం ట్రాక్టర్ తప్పకుండా ఎదురవుతుంది. ఎనిమిది చక్రాలుంటాయి, అన్నీ ఒకే సైజు. డ్రైవర్ స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలు పక్కకు తిరగవు, ట్రాక్టరే నడుము దగ్గర మడత పడుతుంది. చూసిన ప్రతివాళ్లకూ వచ్చే సందేహం ఒకటే: చక్రాలు తిప్పితే పోయేదానికి ఇంత ఇనుమును నడిమికి విరవడం దేనికి?

తక్కువ జాగాలో తిరగడానికి అని చాలామంది జవాబు చెబుతారు. అది అసలు కారణం కాదు. అసలు కారణం అంతకంటే ఎంతో అందమైనది. పాత ట్రాక్టర్లను బాగుచేసి మళ్లీ పొలంలో తిప్పాలనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు అర్థం చేసుకోవలసింది కూడా అదే.

చరిత్ర క్లుప్తంగా. నడుములో కీలున్న నాలుగు చక్రాల ట్రాక్టర్ కొత్త ఊహ కాదు. ఇటలీలో ఉగో పవేసీ రూపొందించిన పి4 ట్రాక్టర్లు 1920లలోనే ఆ దేశ సైన్యం ఫిరంగులు లాగాయి. వ్యవసాయంలో దీన్ని నిలబెట్టింది ఉత్తర అమెరికా. 1950ల తొలి సంవత్సరాల్లో ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో వాగ్నర్ సోదరులు ఇలాంటి దుక్కి ట్రాక్టర్లు తయారుచేసి అమ్మారు. 1957-58 శీతాకాలంలో మిన్నెసోటాలో స్టైగర్ కుటుంబం తమ పాడి కొట్టంలోనే సొంతానికి ఒకటి కట్టుకుంది. మట్టి తవ్వే భారీ యంత్రాల భాగాలతో కట్టిన ఆ ట్రాక్టర్ తర్వాత పెద్ద కంపెనీకి పునాది అయింది. 1962లో లెనిన్‌గ్రాడ్‌లోని కిరోవ్ కర్మాగారం నుంచి కె-700 వచ్చింది. 1966లో కెనడా కంపెనీ వర్సటైల్ డి100 అనే ట్రాక్టర్‌ను పది వేల కెనడా డాలర్ల లోపే అమ్మింది. దాంతో మామూలు గోధుమ రైతు కూడా ఇలాంటి యంత్రం కొనగలిగాడు.

ఇక అసలు సంగతి. మలుపులో ఉన్న ఏ బండికైనా ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ పక్కకు పొడిగించి గీతలు గీస్తే అవి ఒకచోట కలుస్తాయి. బండి తిరిగేది ఆ బిందువు చుట్టూనే. మన మామూలు ట్రాక్టర్‌లో వెనక ఇరుసు కదలదు, ముందు చక్రాలే తిరుగుతాయి. అందువల్ల ఆ బిందువు వెనక ఇరుసుకు దగ్గరగా, ముందు చక్రాలకు దూరంగా పడుతుంది. ఇరుసుల మధ్య 3.4 మీటర్లున్న బండి ముందు చక్రాల్ని 40 డిగ్రీలు తిప్పిందనుకుందాం. వెనక ఇరుసు మధ్యభాగం సుమారు 4.05 మీటర్ల వ్యాసార్ధంతో తిరుగుతుంది, ముందు ఇరుసు మధ్యభాగం 5.29 మీటర్ల వ్యాసార్ధంతో. ముందు చక్రాలు వెనక చక్రాల కంటే 30 శాతం ఎక్కువ దూరం పోవాలన్నమాట.

ఇంజను బలం రెండు ఇరుసులకూ ఒకే షాఫ్టు మీద పోతుంటే ఇక్కడే చిక్కు. రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరుగుతాయి, పోవలసిన దూరాలు మాత్రం వేరు. తేడాను ఎవరో ఒకరు భరించాలి. మెత్తటి మట్టిలో టైరు జారి భరిస్తుంది. గట్టి నేల మీద జారడానికి వీల్లేదు కాబట్టి షాఫ్టులు మెలిపడతాయి, గేర్ల పళ్ల మీద ఒత్తిడి పేరుకుంటుంది. మన దగ్గర ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ కొన్నవాళ్లకు రోడ్డెక్కగానే ముందు ఇరుసు డ్రైవ్ తీసెయ్యమని చెప్పేది ఇందుకే.

ఇప్పుడు అదే 3.4 మీటర్ల బండిని సరిగ్గా మధ్యలో కోసి కీలు పెట్టండి. అంతే, 40 డిగ్రీలు మడవండి. రెండు సగాలూ సమానం కాబట్టి తిరిగే బిందువు నుంచి ముందు ఇరుసు ఎంత దూరమో వెనక ఇరుసూ అంతే దూరం: సుమారు 4.67 మీటర్లు. రెండూ ఒకే వలయం మీద నడుస్తాయి. దూరంలో తేడా లేదు, మెలి లేదు, మధ్యలో డిఫరెన్షియల్ అక్కరలేదు. స్టీరింగ్ కదులుతున్న క్షణాల్లో కాస్త తేడా వస్తుంది కానీ మలుపులో కుదురుకున్నాక అదీ ఉండదు. పైగా ముందు చక్రం తొక్కి గట్టిపరచిన జాడలోనే వెనక చక్రం నడుస్తుంది. మెత్తటి దుక్కిలో కొత్త జాడ తొక్కడం కంటే తొక్కిన జాడలో నడవడానికి బలం తక్కువ చాలు. చక్రాలు పక్కకు తిరగనక్కర లేదు కనుక నాలుగు మూలలా జంట టైర్లు బిగించుకోవచ్చు. ఇన్ని లాభాలూ ఒక్క కీలును సరైన చోట పెట్టడంతో వచ్చాయి.

కీలు పెట్టడం సులువే, దాని గుండా ఇంజను బలాన్ని దాటించడమే కష్టం. గేర్‌బాక్స్ ముందు సగంలో ఉంటుంది, వెనక ఇరుసుకు వెళ్లే షాఫ్టు మడత గుండా పోవాలి. మడిచినా తిరగగల షాఫ్టు అంటే యూనివర్సల్ జాయింటే: రెండు షాఫ్టుల చివర్ల కవ్వం లాంటి కొమ్ములు, వాటిని కలిపే ఒక క్రాసు. దానికో దుర్గుణముంది. ఒక పక్క నిలకడగా తిప్పినా రెండో పక్క నిలకడగా తిరగదు. 40 డిగ్రీల మడతలో ఈ పక్క నిమిషానికి 1000 చుట్లు తిరిగితే ఆ పక్క వేగం 766కూ 1305కూ మధ్య ఊగుతుంది, అదీ ప్రతి చుట్టుకూ రెండుసార్లు. వందల అశ్వశక్తి ఇలా కుదుపులతో పోతే ఏ గేరు పళ్లూ బతకవు.

ఈ దుర్గుణాన్ని 17వ శతాబ్దంలోనే గమనించినవాడు రాబర్ట్ హుక్, స్ప్రింగుల సూత్రం చెప్పిన హుక్కే. ఆయన దాన్ని లోపంగా చూసి వదిలెయ్యలేదు. నీడగడియారం మీద నీడ కూడా ఇలాగే హెచ్చుతగ్గుల వేగంతో కదులుతుందని గుర్తించి, జాయింటును ఆ కదలికను అనుకరించడానికి వాడాలనుకున్నాడు. విరుగుడు కూడా ఆయనే చెప్పాడు: మధ్యలో ఒక ముక్క షాఫ్టు పెట్టి దాని రెండు చివర్లా రెండు జాయింట్లు బిగిస్తే మొదటిది పెట్టిన ఊగును రెండోది తీసేస్తుంది.

ట్రాక్టర్‌లో చేసేది అదే. కీలు చీలకు ముందో జాయింటు, వెనకో జాయింటు, సమాన దూరాల్లో. అప్పుడు 40 డిగ్రీల మడతను చెరి 20 డిగ్రీలు పంచుకుంటాయి. 20 డిగ్రీల్లో ఊగు 940-1064 మధ్యే. అది కూడా మధ్య ముక్కకే పరిమితం, వెనక ఇరుసుకు చేరేసరికి వేగం మళ్లీ నిలకడగా 1000. అయితే ఒక షరతు. మధ్య ముక్క రెండు చివర్ల ఉన్న కవ్వపు కొమ్ములు ఒకే తలంలో ఉండాలి. ఇంకో విశేషం: మడత పడ్డప్పుడు జాయింట్ల మధ్య దూరం తగ్గుతుంది. 60 సెంటీమీటర్ల ముక్క అయితే 40 డిగ్రీల దగ్గర 3.6 సెంటీమీటర్లు కురచ కావాలి. అందుకే ఆ ముక్క ఒకదానిలో ఒకటి జారే పళ్ల షాఫ్టుగా ఉంటుంది. విప్పేముందు గుర్తు పెట్టుకోకుండా, తిరిగి బిగించేటప్పుడు ఆ పళ్లను తప్పు వరసలో దూర్చారంటే కొమ్ముల తలాలు వేరవుతాయి. రెండో జాయింటు ఊగును తీసెయ్యాల్సింది పోయి పెంచుతుంది. బేరింగులు మార్చి, క్రాసులు మార్చి, ట్రాక్టర్ ఎందుకు వణుకుతోందో తెలియక తలపట్టుకునేవాళ్ల కథల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంటుంది.

కీలుకు రెండో పని కూడా ఉంది. పొలం చదునుగా ఉండదు. ముందు ఎడమ చక్రం గట్టెక్కితే వెనక ఎడమ చక్రం గాలిలో తేలకూడదు. అందుకని ముందు సగమూ వెనక సగమూ ఒకదానికొకటి పక్కకు ఒరిగే వీలుండాలి. చాలా ట్రాక్టర్లలో నిలువు చీలల వెనక ఒక లావుపాటి గొట్టం ఉంటుంది. వెనక ఫ్రేము ఆ గొట్టం మీద కొన్ని డిగ్రీలు అటూ ఇటూ పొర్లుతుంది. షాఫ్టు ఆ గొట్టం నడిబొడ్డు గుండా పోతుంది. పొర్లినా షాఫ్టుకు వంకర రాదు. ఒక్క కీలులో మలుపూ ఒరుగూ షాఫ్టు దారీ మూడూ ఇమిడిపోయాయి. యంత్ర నిర్మాణంలో ఇంతటి పొదుపు అరుదు.

ఈ ట్రాక్టర్లలో తప్పటడుగు వేసినవాళ్లలో పెద్ద పేరు జాన్ డీర్. 1959లో ఆ కంపెనీ 8010 అనే కీలు ట్రాక్టర్‌ను ప్రదర్శించింది. 215 అశ్వశక్తి డెట్రాయిట్ డీజిల్ ఇంజను, తొమ్మిది గేర్లు, ధర సుమారు 30 వేల డాలర్లు. కట్టినవి వంద. నడుము బాగానే నిలిచింది, గేర్‌బాక్సులు నిలవలేదు. కంపెనీ వాటిని వెనక్కి రప్పించి, ఎనిమిది గేర్ల కొత్త పెట్టెలు బిగించి 8020 అని పేరు మార్చి అమ్మింది. తర్వాత 1960ల చివర్లో వాగ్నర్ కట్టిన ట్రాక్టర్లకే తన రంగు వేసి అమ్ముకుని, 1971లో గానీ 7020తో సొంతంగా నిలదొక్కుకోలేదు. ఇంగ్లండులో ఎర్నెస్ట్ డో కంపెనీ ఇంకో దారి పట్టింది. రెండు ఫోర్డ్‌సన్ ట్రాక్టర్ల ముందు చక్రాలు తీసేసి, ఒకదాని వెనక ఒకటి కీలుతో కలిపింది. ఇంజన్లు రెండు కాబట్టి కీలు గుండా షాఫ్టే అక్కరలేదు, నడుము దాదాపు 90 డిగ్రీలు మడిచేది. తెలివైన ఉపాయమే. కానీ రైతు రెండు ఇంజన్లను, రెండు క్లచ్చులను, రెండు గేర్‌బాక్సులను పోషించాల్సి వచ్చింది.

పాత ట్రాక్టర్‌ను బాగుచేసేవాళ్లు ఎక్కువగా ఇంజనుతో మొదలుపెడతారు, లేదా రంగుతో. రెండూ సులువైన పనులు గనుక. డెట్రాయిట్ 71 వరస ఇంజన్లు బస్సుల్లో, పడవల్లో, సైనిక వాహనాల్లో లెక్కలేనన్ని తిరిగాయి, విడిభాగాలు నేటికీ దొరుకుతాయి. పేరులోని 71 అంటే ఒక్కో సిలిండర్ 71 ఘన అంగుళాలని అర్థం. ఆరు సిలిండర్లయినా పదహారయినా పిస్టను ఒకటే. కీలుకు ఇలాంటి సౌకర్యం లేదు. 1960ల స్టైగర్ కీలు పెట్టె ఏ షాపు అరల్లోనూ ఉండదు. లేత్ మిషన్ మీద చేయించుకోవాల్సిందే.

అరుగుదల ఎలా ఉంటుందో చూడండి. ఈ ట్రాక్టర్ల బరువులో సగానికి పైగా ముందు ఇరుసు మీదే ఉంటుంది. ముందు చక్రాలు లాగే బలమంతా చీలల గుండానే వెనక్కి చేరాలి. లాగుడు ఎప్పుడూ ముందుకే గనుక చీల దూరే రంధ్రం గుండ్రంగా అరగదు, ముందువెనకలకు సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. గ్రీజు పెట్టని ట్రాక్టర్‌లో ఇది త్వరగా జరుగుతుంది. అరిగిన కీలు ఉన్న బండి రోడ్డు మీద తిన్నగా పోదు, డ్రైవర్ స్టీరింగ్ అటూ ఇటూ సవరిస్తూనే ఉండాలి.

లావు చీల కొట్టేస్తే సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. కోడిగుడ్డు రంధ్రంలో గుండ్రటి చీల ఎంత లావుదైనా రెండు చోట్లే ఆనుతుంది. సరైన పద్ధతికి ఓపిక కావాలి. పాత బుష్ తీసి, రంధ్రం లోపల వెల్డింగ్‌తో పొరలు పేర్చి, తర్వాత ఫ్రేము మీదే బిగించే బోరింగ్ బారుతో పై రంధ్రాన్నీ కింది రంధ్రాన్నీ ఒకే దెబ్బలో తొలవాలి. రెండిటినీ విడివిడిగా తొలిస్తే ఒకే గీతలో రావు. తలుపుకు పై బందు, కింది బందు వరస తప్పితే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది, బిర్రుగా పట్టేస్తుంది. ఆ తర్వాత కొత్త బుష్‌లు దిగ్గొట్టి, పై కింది సందును పలచటి రేకులతో సరిచేసి, గ్రీజు దారులు తెరుచుకున్నాయో లేదో చూసుకోవాలి. రంగు వెయ్యడానికి ముందు ఇసుకతో తుప్పు గీకించేవాళ్లు ఈ పని ముగిశాక గీకిస్తే ఇంకో ప్రమాదం: ఆ ఇసుక కొత్త బేరింగుల్లోకి దూరుతుంది. కీలును గట్టిగా చుట్టి కప్పాలి, లేదా గీకుడు పని ముందే ముగించాలి.

పత్రికల్లో ఎక్కువ స్థలం దక్కేది మాత్రం అశ్వశక్తికే. మోంటానా రాష్ట్రం హావర్‌లో 1977లో కట్టిన బిగ్ బడ్ 747 గురించి వినని ట్రాక్టర్ ప్రేమికుడు ఉండడు. పదహారు సిలిండర్ల ఇంజను, మొదట్లో 760 అశ్వశక్తి, తర్వాత ఇంకా పెంచారు. దాని జీవితంలో పెద్ద ఇబ్బంది అశ్వశక్తి కాదు, టైర్లు. ఆ సైజు టైర్లు చేసే కెనడా కంపెనీ మూతపడ్డాక అది ఏళ్ల తరబడి ప్రదర్శనశాలలకే పరిమితమైంది. 2020లో కొత్త కొలతల టైర్లు అమర్చాకే మళ్లీ పొలం పనికి పనికొచ్చే స్థితికి చేరింది. అదే 1977లో వర్సటైల్ కట్టిన ఎనిమిది చక్రాల డ్రైవ్ ‘బిగ్ రాయ్’ 600 అశ్వశక్తితో మనీటోబాలోని ఆస్టిన్ వ్యవసాయ మ్యూజియానికి చేరింది. డ్రైవర్‌కు వెనక ఏముందో కనిపించక అందులో కెమెరా, టీవీ పెట్టారు. చూడముచ్చటైన యంత్రాలే, కానీ నడుము గురించి నేర్చుకోవాలంటే వందల్లో అమ్ముడైన చిన్న ట్రాక్టర్లే మేలు.

మన పొలాలకు ఇవి రావు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు. తెలంగాణలో దాదాపు ఒక హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో అంతకంటే తక్కువ. అయినా ఈ కీలు మనకు కొత్తది కాదు. వాగ్నర్ కుటుంబమే కీలున్న మట్టి లోడర్లను కూడా తొలినాళ్లలో తయారుచేసింది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లోనూ గనుల్లోనూ తిరిగే పెద్ద చక్రాల లోడర్లు ఆ జాతివే. మన ఇంజనీరింగ్ కళాశాలలు యూనివర్సల్ జాయింటును నల్లబల్ల మీద గీసి వదిలేసే బదులు విద్యార్థుల్ని ఒక్కసారి క్వారీకి తీసుకెళ్తే బాగుండును.

వెళ్లినవాళ్లు ఇంజను ఆపించి, రెండు సగాల మధ్య తాళపు కమ్మీ బిగించాకే కీలు దగ్గరికి పోవాలి. స్టీరింగ్ కాస్త కదిలినా ఆ సందులో మనిషి నలిగిపోతాడు. కమ్మీ పడ్డాక వంగి చూడండి: రెండు జాయింట్లు చీలకు సమాన దూరంలో ఉన్నాయా, మధ్య ముక్క కొమ్ములు ఒకే తలంలో ఉన్నాయా, చీల చుట్టూ కొత్త గ్రీజు కనిపిస్తోందా. ఈ మూడూ సరిగా ఉంటే ఆ యంత్రాన్ని తెలిసినవాళ్లే చూసుకుంటున్నారు.