ఇల్లు లేని బాలల లెక్క: అడిగేవారికే ముందు శిక్షణ

2011 జనాభా లెక్కల ప్రకారం ఢిల్లీలో ఇల్లు లేనివారు పిల్లా పెద్దా అందరూ కలిసి సుమారు 46,700 మంది. అదే ఏడాది సేవ్ ది చిల్డ్రన్, ఇన్‌స్టిట్యూట్ ఫర్ హ్యూమన్ డెవలప్‌మెంట్ సంస్థలు వెలువరించిన సర్వే నివేదిక, ఆ నగర వీధులలో 18 ఏళ్ల లోపు బాలలే 50,923 మంది ఉన్నారని తేల్చింది. రెండింటిలో ఏదో ఒకటి తప్పుల తడక అని తోసిపుచ్చడానికి వీలులేదు. మొదటిది ఆరుబయట నిద్రించేవారిని లెక్కించింది. రెండవది పగలంతా వీధిలో పనిచేసి రాత్రికి కుటుంబం చెంతకు చేరే పిల్లలను సైతం కలుపుకున్నది. ఎవరిని లెక్కించాలి, ఏమని అడగాలి అన్నదానిని బట్టి అంకె మారిపోతున్నది.

రాత్రి బసలు, బడులు, వైద్య సదుపాయం, వాటికి నిధులు ఈ అంకెల మీదనే ఆధారపడతాయి. అయినా చర్చ అంతా మొత్తాల చుట్టూ తిరుగుతుందే తప్ప, వీధిలోకి వెళ్లి ప్రశ్నలడిగే స్వచ్ఛంద కార్యకర్తకు ఏం నేర్పారన్నది ఎవరికీ పట్టదు. లెక్క తప్పేది చాలావరకు అక్కడే.

"నీకు ఇల్లుందా?" అన్న ప్రశ్ననే చూడవచ్చు. ఫ్లైఓవర్ కింద టార్పాలిన్ వెనుక తల్లి పక్కన పడుకునే పిల్లవాడు తడుముకోకుండా ఉందంటాడు. అతని దృష్టిలో అది అబద్ధం కాదు. ఊళ్లో దెబ్బలకు తాళలేక రైలెక్కి వచ్చిన కుర్రవాడూ ఉందనే అంటాడు. లేదంటే పట్టుకెళ్లి హోంలో వేస్తారని అతని భయం. అందుకే అనుభవజ్ఞులు ఆ ప్రశ్నను పక్కన పెట్టించి, "నిన్న రాత్రి ఎక్కడ పడుకున్నావు? మొన్న ఎక్కడ?" అని అడిగిస్తారు. వయసు సంగతీ అంతే. పుట్టిన తేదీ తెలియని పిల్లలను, 2020 లాక్‌డౌన్ నాటికి ఎంత ఉండేవాడివి, ఏ తరగతిలో బడి మానేశావు అని అడిగి అంచనా కట్టవలసి ఉంటుంది.

కార్యకర్తలు ఇద్దరిద్దరుగా వెళ్లాలి. వెంట పోలీసులు ఉండరాదు, చేతిలో కెమెరా ఉండరాదు. నిలబడి కాక పక్కన కూర్చుని మాట్లాడాలి. నిద్రపోతున్న పిల్లలను లేపకూడదు. వైట్‌నర్ పీల్చిన మత్తులో ఉన్నవాడు తలూపితే దాన్ని సమ్మతిగా భావించక మర్నాడు తిరిగి వెళ్లాలి. ఎందుకు పారిపోయి వచ్చావన్న ప్రశ్న మొదట అడగనే కూడదు. ఇవన్నీ కాగితం మీద తేలికగానే కనిపిస్తాయి. సాధన చేసి చూస్తేనే కష్టం తెలుస్తుంది. ఇందుకు మంచి గురువులు వీధుల్లో పెరిగి పెద్దయినవారే. శిక్షణలో వారు పిల్లల పాత్ర వహించి, పేరు మార్చి, ఊరు మార్చి కావాలనే తప్పులు చెబుతుంటే కళాశాల విద్యార్థులు నిజం రాబట్టడం నేర్చుకోవాలి. ఢిల్లీలో వీధి బాలలు, శ్రామిక బాలలు 2003లో ప్రారంభించిన 'బాలక్‌నామా' పత్రికకు రాయడం రాని పిల్లలు సైతం విలేకరులే. వారు వార్త చెబితే చదువు వచ్చినవారు రాసిపెడతారు. తోటి పిల్లవాడు అడిగితే వచ్చే జవాబు వేరు.

ఇక ఒకే పిల్లవాణ్ణి రెండుసార్లు లెక్కించే ప్రమాదం ఉంది. ఉదయం స్టేషన్లో కనిపించినవాడు సాయంత్రం సిగ్నల్ దగ్గర ఉంటాడు. పైగా అక్కడ ఒక పేరు, ఇక్కడ ఒక పేరు. అందుకని గణాంకవేత్తలు రెండు విడతల పద్ధతిని సూచిస్తారు. ఉదాహరణకు మొదటి విడతలో 200 మంది, రెండో విడతలో 150 మంది కనిపించి, వారిలో 50 మంది రెండింటా ఉన్నారనుకుంటే, మొత్తం సుమారు 600 మంది ఉంటారని అంచనా. అయితే ఆ 50 మందిని సరిగా గుర్తించకపోతే సూత్రం ఎందుకూ కొరగాదు. ముప్పై మందినే గుర్తించగలిగితే అంచనా ఏకంగా వెయ్యికి చేరుతుంది!

ఢిల్లీ సర్వేలో బాలికలు దాదాపు ఐదోవంతు మాత్రమే. వీధిలో ఆడపిల్లలు తక్కువన్న నిర్ధారణకు దీన్నిబట్టి రావడం తొందరపాటు. దాక్కుంటేనే బతకగలమని వారికి తెలుసు. మహిళా కార్యకర్తలు తగినంతమంది లేని బృందానికి వారు కనిపించరు.

శిక్షణలో అన్నిటికన్నా చిక్కుగా ఉండేది గోప్యత. "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను" అని మాటివ్వడం సులువే. కానీ బాలలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేసి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ నిర్దేశిస్తున్నది. కాబట్టి ఏది రహస్యంగా ఉంచగలరో, ఏది ఉంచలేరో కార్యకర్త ముందే పిల్లలకు అర్థమయ్యేలా చెప్పాలి. ఆ మాట వినగానే కొందరు నోరు విప్పరు. లెక్కలో ఖాళీ మిగిలినా సరే, పిల్లవాణ్ణి మభ్యపెట్టి వివరాలు రాబట్టడం తగదు.

పద్దెనిమిది నిండినవారి స్థితి మరీ విచిత్రం. ఢిల్లీ సర్వే గాని, 37,059 మందిని లెక్కించిన 2013 నాటి ముంబయి సర్వే గాని ఆ వయసు దగ్గరే ఆగిపోయాయి. 2015 నాటి జువనైల్ జస్టిస్ చట్టం బాలల సంరక్షణ గృహాల నుంచి వెలుపలికి వచ్చే యువతకు 21 ఏళ్ల వరకు తోడ్పాటుకు అవకాశం కల్పించింది. అసలు ఏ గృహంలోనూ చేరని 19 ఏళ్ల యువకుడు అటు బాలల జాబితాకు గాని, ఇటు ఈ తోడ్పాటుకు గాని నోచుకోడు. సర్వే పత్రంలో 18 నుంచి 24 వరకు ఒక గడి చేర్చితే కనీసం అతను ఉన్నాడని తెలుస్తుంది.

2021లో జరగవలసిన జనాభా లెక్కలు కోవిడ్ కారణంగా వాయిదా పడగా, మంచు ప్రాంతాలు మినహా దేశమంతటికీ 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్రం 2025 జూన్‌లో నోటిఫై చేసింది. 2011లో ఇల్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. గణకులలో అత్యధికులు ఉపాధ్యాయులు. ఇల్లిల్లూ తిరగడం నేర్చిన ఆ గణకునికి, విజయవాడ, సికింద్రాబాద్ వంటి పెద్ద స్టేషన్లలో ఏ ప్లాట్‌ఫారం చివర, ఏ మెట్ల కింద పిల్లలు పడుకుంటారో తెలిసే అవకాశం తక్కువ. ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న కార్యకర్తలకు తెలుసు. వారిని పిలిచి, స్థలాల జాబితా ఆ రాత్రికి వారాల ముందే సిద్ధం చేసుకోవలసి ఉంటుంది.