బ్యాకప్ ఉంది సరే.. పాత బాయి మ్యాప్ దొరుకుతుందా?

ఈ సైట్‌లో స్టోరేజ్ అంటే 256 జీబీనా 512 జీబీనా, యూఎఫ్‌ఎస్ 4.0 ఉందా లేదా అనే మాట్లాడుకుంటాం. ఈసారి కంపెనీల స్టోరేజ్ గురించి చెప్తా. అది కూడా మా వైపు కంపెనీది.

మాది గోదావరిఖని దగ్గర. పాత కరీంనగర్ జిల్లాలో రామగుండం, గోదావరిఖని. గోదావరి దాటితే పాత ఆదిలాబాద్‌లో శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి. అంతా సింగరేణి బొగ్గు బెల్టే. గనిని మేం బాయి అంటాం. టెక్ భాషలో చెప్పాలంటే ఒక్కో బాయి ఒక్కో ప్రాజెక్ట్. బోర్లు వేసి తీసిన లెక్కలు, బొగ్గు పొర మందం, లోపల తవ్విన ప్రతి గ్యాలరీ సర్వే.. ఇదంతా దాని డేటా. కొన్నేళ్లకో, కొన్ని దశాబ్దాలకో బాయి మూతపడుతుంది. డేటాతో అసలు పని అప్పుడే మొదలవుతుంది.

ఎందుకంటే మూసేసిన బాయిలో నీళ్లు నిండుతాయి. పక్కన తవ్వేవాళ్లకు ఆ నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో తెలియాలి. పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపలికి వచ్చాక, అక్కడ నీళ్లు లేవని తేలితే తప్ప అనుమతి లేకుండా ముందుకు తవ్వకూడదని మన బొగ్గు గనుల నిబంధనలు చెప్తున్నాయి. బాగానే ఉంది. కానీ ఆ 60 మీటర్లు ఎక్కణ్నుంచి కొలుస్తారు? పాత మ్యాప్ మీద గీసిన గీత నుంచి. ఆ గీత 40 మీటర్లు తప్పుంటే మిగిలేది 20 మీటర్లే.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఇదే జరిగింది. 2002 జులైలో క్వీక్రీక్ గనిలో పనిచేస్తున్నవాళ్లు ఎప్పుడో మూసేసిన సాక్స్‌మన్ గనిలోకి తవ్వేశారు. వాళ్ల దగ్గరున్న మ్యాప్ పాత వెర్షన్. మూసే ముందు తవ్విన భాగం అందులో లేదు. తొమ్మిది మంది మూడు రోజులకు పైగా నీళ్ల మధ్య ఇరుక్కుని, చివరికి ప్రాణాలతో బయటపడ్డారు. చివరి మ్యాప్ లేదా అంటే ఉంది. తర్వాత ఒక బొగ్గు మ్యూజియంలో దొరికింది!

నీళ్లు వస్తే ఏమవుతుందో మా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ బాయిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు.

పాత డేటాతో ఇంకో పని కూడా ఉంది. గోదావరిఖనిలో 5వ ఇంక్లైన్ భూగర్భ గని ఉన్నచోటే ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ నడుస్తోంది. భూగర్భంలో తవ్వేటప్పుడు పైకప్పు కూలకుండా బొగ్గునే పిల్లర్లుగా వదిలేస్తారు. ఓపెన్‌కాస్ట్‌లో పై నుంచి తవ్వుకుంటూ వచ్చి వాటిని కూడా తీయొచ్చు. ఎంత బొగ్గు మిగిలిందో లెక్కకట్టాలంటే పాత ప్లానే కావాలి. డ్రిల్ ఎక్కడ ఖాళీలోకి దిగిపోతుంది, భారీ మెషీన్ల కింద ఎక్కడ గుల్లగా ఉంది, గాలి తగిలి పాత పిల్లర్లు ఎక్కడ వాటంతటవే రాజుకునే ప్రమాదం ఉంది.. వీటన్నిటికీ అదే ఆధారం. ఎప్పుడో ఒక సర్వేయర్ చేత్తో గీసిన కాగితం, ఇవాళ్టి కోట్ల రూపాయల ప్రాజెక్ట్‌కి ఇన్‌పుట్ అన్నమాట.

'స్కాన్ చేసి క్లౌడ్‌లో పడేస్తే అయిపోయే కదా' అంటారా? ఫోన్‌లో తీసిన ఫొటోకి ఎగ్జిఫ్ డేటా ఉంటుంది కదా, తేదీ, లొకేషన్ వగైరా. అదే ఫొటో వాట్సాప్‌లో నాలుగు చేతులు మారి వస్తే ఆ వివరాలు పోతాయి. పాత ప్లాన్‌ని స్కాన్ చేసి 'స్కాన్001' అని సేవ్ చేస్తే అదే పరిస్థితి. ఏ పొర, ఏ తేదీ వరకు చేసిన సర్వే, ఇదే చివరి వెర్షనా, కొలతలు అడుగుల్లోనా మీటర్లలోనా? ఇవి లేకపోతే అది బొమ్మే. పాత భారతీయ మ్యాపులు ఎవరెస్ట్ డేటమ్ మీద ఉంటాయి, మన జీపీఎస్ డబ్ల్యూజీఎస్ 84 వాడుతుంది. ఈ రెండిటికీ ఉన్న తేడాను సరిచేయకుండా ఒకదాని మీద ఇంకోటి పెడితే గ్యాలరీ మొత్తం పక్కకి జరిగిపోతుంది. నా దృష్టిలో స్కానింగ్ ఈజీ పార్ట్. పాత సర్వేయర్లు రిటైర్ అవ్వకముందే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఈ వివరాలు రాయించుకోవడమే అసలు పని.

హార్డ్‌వేర్ సంగతికొస్తే, కరెంట్ ఇవ్వకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెట్టిన ఎస్‌ఎస్‌డీని నమ్మొద్దు. ఆర్కైవ్‌కి కంపెనీలు ఇప్పటికీ టేప్ వాడతాయి. ఒక ఎల్‌టీఓ-9 టేప్‌లో కంప్రెషన్ లేకుండానే 18 టీబీ పడుతుంది, సరిగ్గా దాస్తే 30 ఏళ్లు ఉంటుందంటారు. అయితే ఎల్‌టీఓ-9 డ్రైవ్ చదివేది ఎల్‌టీఓ-9, ఎల్‌టీఓ-8 టేపులను మాత్రమే. టేప్ బతికే ఉంటుంది, చదివే మెషీన్ దొరకదు. అందుకే కొన్నేళ్లకోసారి కొత్త టేప్‌లోకి మార్చడం కూడా బడ్జెట్‌లో ఉండాలి. ఫైల్ ఫార్మాట్ కూడా అంతే. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అయిపోతే తెరుచుకోని ఫైల్ ఒక్కటే ఉంచుకోకుండా పక్కన సీఎస్‌వీ, పీడీఎఫ్-ఏ, జియోటిఫ్ కాపీలు పెట్టుకోవాలి.

చిన్న ఆఫీసుల్లో కథ ఇంకా ఘోరం. నాకు తెలిసిన ఒక చోట 'ఫైనల్', 'ఫైనల్2', 'ఫైనల్ రియల్' అని మూడు ఫోల్డర్లు. ఏది అసలుదో తెలిసినాయన వేరే ఊరికి వెళ్లిపోయాడు.

కేంద్ర గనుల శాఖ 2023 డిసెంబర్‌లో నేషనల్ జియోసైన్స్ డేటా రిపాజిటరీ పోర్టల్‌ని మొదలుపెట్టింది. దేశంలోని భూవిజ్ఞాన సమాచారాన్ని ఒకే చోట మ్యాప్ మీద చూపించాలన్నది ఆలోచన. వీలుంటే ఓపెన్ చేసి మంచిర్యాల మీద జూమ్ చేయండి. ఫోన్‌లో వద్దు, ల్యాప్‌టాప్‌లో చూస్తేనే బెటర్.