శిలాముఖములు – పౌరగౌరవము

పదునైదవ శతాబ్దమున ఇటలీలోని ఫ్లారెన్సు నగరమునకు రాజు లేడు. పేరునకు అది గణతంత్రము. ఉన్నిబట్టల వర్తకులు, బ్యాంకు యజమానులు అందు పెద్దలు. కిరీటము ధరింప వీలులేని ధనికుడు తన ఘనతను లోకమునకు ఎట్లు చాటవలెను? ఆ ప్రశ్నకు నగరశిల్పులు ఇచ్చిన సమాధానములలో ఒకటి పాలరాతి ప్రతిమ. అందు శిరస్సు, భుజములు, వక్షము మాత్రమే ఉండును.

ఈ రూపము పూర్తిగా క్రొత్తది కాదు. ప్రాచీన రోమను కులీనులు తమ పూర్వుల మైనపు ముఖములను ఇంటి శాలలో నిలుపుకొనెడివారని ప్లినీ వ్రాసెను. మధ్యయుగములందు సాధువుల అస్థికలను దాచు పేటికలకు శిల్పులు ఈ ఆకృతి నిచ్చిరి. బ్రదికియున్న గృహస్థునకు దానిని మరల ఒసగినది పునరుజ్జీవనకాలము. మినో ద ఫియెసోలె 1453లో చెక్కిన పియెరో ద మెడిచీ ప్రతిమ, సంవత్సరము తెలియుచున్న ఇట్టి పాలరాతి ప్రతిమలలో మొదటిదని పండితులు ఎంచుచున్నారు. 37 ఏండ్ల ఆ బ్యాంకు యజమాని కుమారుడు రాజు కాడు. కాని ప్రక్కకు తిరిగిన ఆ శిరస్సున రాచఠీవి కలదు.

1456లో ఆంటోనియో రోసెల్లినో చెక్కిన జియోవన్ని కెల్లిని ప్రతిమ లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో ఉన్నది. కెల్లిని వైద్యుడు. తనకు చేసిన చికిత్సకు కృతజ్ఞతగా మహాశిల్పి డొనాటెల్లో అతనికొక కంచుఫలకము నిచ్చెను. ఈ వృద్ధుని ముడుతలలో ఒక్కటియు దాచబడలేదు. సజీవుని ముఖమునుండి తీసిన అచ్చు దీనికి ఆధారమని విమర్శకుల ఊహ. ముక్కుపుటములందు గొట్టములుంచి, ఊపిరి ఆడనిచ్చుచు అచ్చు తీయు విధమును చెన్నినో చెన్నిని అంతకుముందే తన గ్రంథమున వివరించియుండెను. వార్ధకమును దాచనేల? ముడుతలు అనుభవమునకు సాక్ష్యములు; ఆ నగరమున అనుభవము గౌరవమునకు అర్హత. అందమైన ముఖము ఎవరిదైనను కావచ్చును. ఈ ముఖము కెల్లినిది మాత్రమే.

స్త్రీల ప్రతిమల కథ వేరు. నున్నని నుదురు, శాంతమైన చూపు, చలింపని పెదవులు – వ్యక్తికంటె ఆదర్శమే వానియందు అధికము. వెరోక్యో చెక్కిన, పూలు చేతబట్టిన వనిత యెవరో నేటికిని వివాదమే. కెల్లిని ప్రతిమ అడుగున అతని పేరు, విద్య, సంవత్సరము చెక్కబడియున్నవి. ఈమెను తెలుపు అక్షరము లేదు.

పదునారవ శతాబ్దమున గణతంత్రము అంతరించి మెడిచీలు డ్యూకులైరి. బెన్వెనూతో చెల్లిని 1540వ దశకమున పోతపోసిన కోసిమో కంచుప్రతిమ ప్రాచీన రోమను కవచము ధరించినది. 1557లో దానిని ఎల్బా ద్వీపమునకు పంపిరి. అచ్చటివారు ఆ ప్రతిమయందు చూడవలసినది ఒక గృహస్థుని కాదు, ప్రభువును.

నేడు పియెరో, కోసిమో ఇరువురును ఫ్లారెన్సులోని బార్జెల్లో ప్రదర్శనశాలలో ఉన్నారు. పేరు పోగొట్టుకొన్న ఆ వనితయు అచ్చటనే పూలు పట్టుకొని యున్నది.