వదులుకున్న ఇల్లు, దొరకని ఇల్లు

● రాత్రి పది దాటాక తణుకులో షట్టర్లు దించిన కొట్ల ముందు గోనెపట్టా పరుచుకుని పడుకునేవాళ్ళు కనిపిస్తారు. పోతాయని చెప్పులు తలకింద పెట్టుకుంటారు, మూట తాడు చేతికి చుట్టుకుంటారు. తెల్లారి కొట్టు తీసేలోగా లేచిపోవాలి. జ్వరమొచ్చినా అంతే.

● ఇల్లు లేనివాళ్ళను లెక్కపెట్టడానికి జనాభా లెక్కలవాళ్ళు ఒక రాత్రి కేటాయిస్తారు. 2011లో అది ఫిబ్రవరి 28. రోడ్ల పక్కన, తూముల్లో, వంతెనల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద ఉంటున్నవాళ్ళు దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. మన డెల్టాలో కాలవ గట్ల మీద తాటాకు పాకలో ఉండేవాళ్ళు ఇందులోకి రారు. వాళ్ళకు కప్పు ఉంది కదా! గట్టు పోరంబోకు, పట్టా ఉండదు, ఎప్పుడు ఖాళీ చెయ్యమంటారో తెలీదు. అయినా కాగితం మీద వాళ్ళు ఇల్లున్నవాళ్ళే.

● కోరి నిరాడంబరంగా బతకడం గురించి పాశ్చాత్యులు ఇప్పుడు చెప్పుకునే మాటలకు మూలం కొంత మన దగ్గరా ఉంది. అమెరికా లాయరు రిచర్డ్ గ్రెగ్ 1925లో ఇండియా వచ్చి గాంధీజీ ఆశ్రమంలో కొన్నాళ్ళు గడిపాడు. 1936లో దీని మీద ఆయన రాసిన వ్యాసంతోనే ‘స్వచ్ఛంద నిరాడంబరత’ అన్న పేరు ప్రచారంలోకొచ్చింది.

● అంతకుముందే, 1845లో, అమెరికా రచయిత హెన్రీ డేవిడ్ థోరో వాల్డెన్ చెరువు గట్టున చిన్న గది కట్టుకుని రెండేళ్ళు పైగా ఉన్నాడు. ఖర్చు 28 డాలర్ల చిల్లర. స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది. నడిచి వెళ్ళేంత దూరంలో అమ్మానాన్నల ఇల్లుంది. ఇది ఆయన్ను తక్కువ చెయ్యడానికి అనడం లేదు. కానీ విసుగొస్తే వెళ్ళడానికి ఒక గుమ్మం ఉన్నవాడి సంగతి వేరు.

● త్యాగరాజస్వామి రోజూ ఉంఛవృత్తికి వెళ్ళి బియ్యం తెచ్చుకునేవారు. తంజావూరు రాజు పిలిచినా పోలేదు. పాడుకుంటూ వీధులన్నీ తిరిగి ఆయన చేరుకునేది మాత్రం తిరువయ్యారులోని తన ఇంటికే.

● పుచ్చలపల్లి సుందరయ్యగారు వంతుకొచ్చిన ఆస్తిని కమ్యూనిస్టు పార్టీకి ఇచ్చేశారు, పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళారు, పిల్లలు వద్దనుకున్నారు. ఆయన పేరు వింటే ఇప్పటికీ చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ఆ గౌరవంలో పిసరంత కూడా బస్టాండు బల్ల మీద పడుకున్న ముసలమ్మకు దక్కదు. ఆవిడ దగ్గర ఉన్నవి రెండు చీరలే. మిగతావి ఆవిడ వదులుకున్నవి కావు.

● ఊరూరా తిరిగే సన్యాసులు కూడా వానాకాలంలో ఒకచోట ఆగిపోతారు. అదే చాతుర్మాస్యం. జైన, బౌద్ధ భిక్షువులకూ ఈ నియమం ఉంది. అన్నీ వదిలినవాళ్ళకు కూడా వానకు చూరు కావాలని పెద్దలు అంత ముందే ఒప్పుకున్నారు. ఆషాఢం ముసురు పట్టినప్పుడు మన రోడ్ల మీద ఉన్నవాళ్ళ కోసం మాత్రం ఆ నియమం ఎవరూ రాయలేదు.

● రాయలేదంటే పూర్తిగా నిజం కాదు. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో ఆశ్రయ గృహాల పథకం పెట్టారు. మనిషికి కనీసం 50 చదరపు అడుగులు చూపించాలన్నారు. అంటే పదడుగుల పొడుగు, ఐదడుగుల వెడల్పు. నవారు మంచం వేస్తే పక్కన మనిషి నిలబడే చోటు మిగులుతుంది. థోరో గది 150 చదరపు అడుగులు! అయితే మొదట్లో ఆ మిషన్‌ను జిల్లా కేంద్రాలకూ, లక్ష, ఆపైన జనాభా ఉన్న ఊళ్ళకూ మాత్రమే పెట్టారు. తణుకు అప్పటికి లక్షకు చేరలేదు, జిల్లా కేంద్రమూ కాదు.

● ఇల్లు లేకపోయినా ఓటు ఉంటుంది. ఇది చాలామందికి తెలీదు. ఓటరుగా నమోదయ్యే ఫారం 6లో తను పడుకునే చోటు రాస్తే చాలు, అడ్రసు రుజువు అక్కర్లేదు. బూత్ లెవెల్ ఆఫీసరు రాత్రిపూట, ఒకసారి కాదు, అంతకన్నా ఎక్కువసార్లు వచ్చి ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడో లేదో చూసుకోవాలి. మీ వీధిలో అలాంటివాళ్ళుంటే ఈ సంగతి చెప్పండి, ఫారం నింపిపెట్టండి.