చిలకకు గంజాయి గింజలా?

మీకు తెలుసా? పక్షుల మేతలో ‘హెంప్ సీడ్స్’ పేరుతో కలిపేవి అచ్చంగా గంజాయి మొక్క గింజలే. హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, ఎల్బీనగర్ వైపు అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో పంజరాలు పెట్టుకున్నవాళ్లు ఈ మాట వినగానే ప్యాకెట్ తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేయనక్కర్లేదు. అలాగని గుప్పెడు తీసి గిన్నెలో పోయనూ కూడదు.

ముందు మత్తు సంగతి. మత్తెక్కించే టీహెచ్‌సీ ఉండేది ఆడమొక్క పూగుత్తుల మీద పట్టే జిగురులో. గింజలో అది తయారు కాదు. కోతప్పుడు పొట్టుకు అంటుకున్నది ఏదైనా ఉంటే ఉండాలి. చిలకకేమో పొట్టుతో పనే లేదు. ముక్కుతో గింజ చిట్లగొట్టి, నాలుకతో తిప్పి, పొట్టు కింద రాల్చి, పప్పు మాత్రం మింగుతుంది. కాబట్టి అది తూలదు, తిక్కగా మాట్లాడదు. మాట్లాడితే ఇంట్లోవాళ్ల దగ్గర నేర్చుకున్నదే అయ్యుంటుంది.

చట్టం కూడా గింజ జోలికి పోలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి అంటే పూత, కాత ఉన్న కొమ్మ కొసలు. వాటి నుంచి విడదీసిన గింజలు, ఆకులు ఆ లెక్కలోకి రావు. 2021 నవంబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఈ గింజల్ని మనుషుల ఆహారంగా కూడా ఒప్పుకుంది. కిలో గింజల్లో టీహెచ్‌సీ 5 మిల్లీగ్రాములు దాటకూడదని షరతు పెట్టింది. ఉత్తరాఖండ్ కొండ ఊళ్లలో వీటితో పచ్చడి నూరుకోవడం పాత అలవాటే.

గింజ కొనొచ్చు గానీ మొక్క మాత్రం మొలవకూడదు! అనుమతి లేకుండా పెంచితే అదే చట్టంలో పదేళ్ల దాకా జైలు రాసి ఉంది. పంజరం కింద ఊడ్చిన పొట్టూ గింజలూ తెచ్చి పూలకుండీల్లో పోసే అలవాటుంటే మానుకోండి. ఈ చిక్కు కొత్తదేం కాదు. 1937లో అమెరికా గంజాయి మీద పన్ను చట్టం తెస్తున్నప్పుడు పక్షుల మేత వ్యాపారులు వెళ్లి, ఈ గింజలు లేనిదే మా పావురాల మేత నడవదని మొరపెట్టుకున్నారు. మొలకెత్తకుండా చేసి అమ్ముకోండని వాళ్లకు మినహాయింపు దొరికింది.

అసలు జాగ్రత్త పడాల్సింది మత్తు గురించి కాదు, కొవ్వు గురించి. కొర్రల్లో కొవ్వు నూటికి నాలుగు పాళ్లు ఉంటే, హెంప్ గింజల్లో ముప్పై పాళ్లకు పైనే. మాంసకృత్తులు, ఒమేగా-3 బాగానే ఉన్నాయి, కాదనను. కానీ చిన్న చిలక బడ్జీ మొత్తం బరువే సుమారు 35 గ్రాములు. దానికి ఒక్క గ్రాము గింజలు పెట్టడమంటే, 60 కిలోల మనిషి కూర్చుని కిలోన్నర పైచిలుకు గింజలు తిన్నట్టు. ఎగరడానికి చోటు లేని పక్షికి ఆ కొవ్వంతా కాలేయానికి పడుతుంది. పైగా ఈ గింజల్లో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ చాలా ఎక్కువ. కాల్షియం తగ్గితే మూర్ఛలు వచ్చే ఆఫ్రికన్ గ్రే లాంటి చిలకలకు అది మరీ ముప్పు. నన్నడిగితే బడ్జీకి వారంలో ఒకటి రెండుసార్లు నాలుగైదు గింజలు, అదీ మచ్చికకు బహుమానంగా చేతిలోంచి పెట్టడమే సరి.

రోజువారీ తిండికి సరూర్‌నగర్ రైతుబజారు చాలు. కొర్రలు, క్యారెట్, మునగాకు, జామకాయ, పచ్చిమిరపకాయ. మిరపకాయ ఎందుకంటే, మన నోరు మండించే క్యాప్సైసిన్ పక్షులకు తెలియనే తెలియదు. ఎన్ని తిన్నా కళ్లు చెమర్చవు. అవకాడో మాత్రం వద్దు, అది పక్షులకు విషం. చాక్లెట్ కూడా అంతే.

ఇంకో మాట. విత్తనాల కొట్లో పచ్చిరొట్ట ఎరువు కోసం అమ్మే జనుము గింజలను ఇంగ్లిషులో సన్ హెంప్ అంటారు. పేరు చూసి చవగ్గా వస్తున్నాయని తెచ్చేరు! అది వేరే జాతి మొక్క. దాని గింజల్లో కాలేయాన్ని దెబ్బతీసే ఆల్కలాయిడ్లు ఉంటాయి. అసలు హెంప్ గింజలైనా మన ఎండాకాలంలో బయట ఉంచితే నూనె పాడై కంపు కొడతాయి. గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఇక అందరూ మరిచిపోయేది పక్షి సంగతి. గింజను చూసి ఉలిక్కిపడే మనం పంజరంలోని రామచిలకను చూసి ముచ్చటపడతాం. నిజానికి చట్టం దృష్టిలో ముద్దాయి గింజ కాదు, పంజరం పెట్టినవాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలకను పట్టడం, అమ్మడం, కొనడం నేరం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో దాన్ని రెండో షెడ్యూల్‌లో చేర్చారు. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. జోస్యం చెప్పే చిలకకూ ఇదే చట్టం. పాపం, దాని జాతకం చూసేవాళ్లే లేరు.

విదేశీ చిలకలైతే పెంచుకోవచ్చు. ఆఫ్రికన్ గ్రే, మకావ్ లాంటివి ఉంటే 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్రం వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం సైటిస్ జాబితా నుంచి చిలకల్లో నాలుగంటే నాలుగు జాతులకే మినహాయింపు ఉంది: బడ్జీ, కాకటీల్, గులాబీ మొహం లవ్‌బర్డ్, నాలుగోది మన రామచిలక. మొదటి మూడింటినీ ఇక్కడ నిశ్చింతగా పెంచుకోవచ్చు. నాలుగోది మాత్రం మన అడవి పక్షి కాబట్టి ఆ మినహాయింపు ఇక్కడ చెల్లదు.